తోట బంగళాలో బస: మీ ఉత్తరాలు, నా జవాబులు

ప్రశ్న: అమ్మగారికి నమస్కారం. వచ్చే జనవరికి మా అత్తయ్యగారికి, మావయ్యగారికి పెళ్లయి నలభై ఏళ్లు. మావయ్యగారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అత్తయ్యగారు తిరుపతి, అన్నవరం తప్ప ఎక్కడికీ వెళ్లలేదు. నీలగిరి కొండల్లో కూనూరు దగ్గర టీ తోటలో ఇంగ్లీషువాళ్లు కట్టిన బంగళాని ఇప్పుడు అద్దెకిస్తున్నారని తెలిసి కనుక్కున్నాను. గదికి రాత్రికి 14,000 చెప్పారు. మా వారు ‘పాత కొంపలో పడుకోడానికి అంత డబ్బా, అందులో సగానికే ఊటీలో మంచి హోటల్ వస్తుంది’ అంటున్నారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. మావయ్యగారికి ఒక పూట చారన్నం లేకపోతే గడవదు. వెళ్లమంటారా, మానమంటారా?
– ఒక కోడలు, రాజాం

జవాబు: వెళ్లండమ్మా. అయితే మీ వారి మాటలో న్యాయం ఉంది, ముందు దాని సంగతి చూద్దాం. గది కోసమే అయితే ఆ డబ్బు దండగ. కొత్త హోటల్లో గది ఇంతకంటే వెచ్చగా ఉంటుంది, కుళాయి తిప్పగానే వేడినీళ్లొస్తాయి, ఫోన్ సిగ్నల్ ఉంటుంది. పైగా రోజుకి 7,500 దాటిన గదికి 18 శాతం జీఎస్టీ అదనం, అది కూడా లెక్కలో వేసుకోండి. బంగళాకి వెళ్లేది దాని చుట్టూ పనిచేస్తున్న తోట కోసం. రోడ్డు పక్కన బస్సు ఆపి అందరూ ఫొటో తీసుకుని వెళ్లిపోయే ఆ పచ్చదనం మీకు తెల్లవారుజాము నుంచి చీకటిపడేదాకా కళ్లముందే ఉంటుంది. మంచు లేవడం, పనివాళ్లు రావడం, ఆకు తూకం, సాయంత్రం ఫ్యాక్టరీ వైపు నుంచి గాలితోపాటు వచ్చే టీ వాసన, ఇవన్నీ హోటల్ కిటికీలోంచి దొరికేవి కావు.

మా వారు నీలగిరుల్లో ఒక టీ ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసిన కాలంలో మేం అలాంటి ఇంట్లోనే కాపురం ఉన్నాం. గుట్ట నెత్తిమీద మేనేజరుగారి పెద్ద బంగళా, దానికి దిగువన మా చిన్న బంగళా. విజయనగరంలో మా ఇంట్లో కూడా వరండా ఉండేది, కానీ అది వీధి చూసే వరండా. అక్కడి వరండా లోయ చూస్తుంది. మేనేజరు కుర్చీలోంచి లేవకుండా తోట మొత్తం కనిపెట్టి ఉండాలని చోటు చూసి మరీ కట్టారు. ఎర్ర గచ్చు నేల, ఎత్తయిన పైకప్పు, దానిమీద రేకులు, ప్రతి గదికీ ఒక ఫైర్‌ప్లేస్. వాన పడితే రేకుల మోతలో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు.

ఆ ఫైర్‌ప్లేస్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే జనవరిలో మీ అత్తగారి సుఖం దానిమీదే ఆధారపడి ఉంటుంది. కూనూరు సుమారు 1,850 మీటర్ల ఎత్తున ఉంది. పగలు ఎండ హాయిగా ఉంటుంది గానీ పొద్దుగూకగానే చలి ఒక్కసారిగా దిగుతుంది. మా బట్లరుగారు సాయంత్రం ఆరింటికే వచ్చి ముందు ఎండిన పైన్ కాయలు పేర్చేవారు, వాటిమీద సన్న పుల్లలు, ఆపైన రెండు తుమ్మ దుంగలు. దుంగల మధ్య చెయ్యి పట్టేంత సందు వదిలి, పొగగొట్టం లోపలి రేకుని చేత్తో తట్టి తెరుచుకుందో లేదో చూసుకుని, అప్పుడు అగ్గిపుల్ల గీసేవారు. ఎనిమిదింటికి రబ్బరు సంచీలో వేడినీళ్లు పోసి, దానికి గుడ్డ తొడుగు వేసి, దుప్పటి కింద కాళ్ల దగ్గర పెట్టేవారు. మీ అత్తగారి మోకాళ్లకి ఆ సంచీకి మించిన మందు లేదు. గది తీసుకునే ముందు నిప్పు వెయ్యడానికి మనిషి వస్తారా, కట్టెలకి విడిగా డబ్బు తీసుకుంటారా అని అడగండి. పడుకునే ముందు మాత్రం నిప్పు పూర్తిగా ఆరేదాకా చూడండి. కిటికీ రెక్క ఒకటి ఓరగా తీసే ఉంచండి, మూసిన గదిలో బొగ్గు పొగ ప్రాణం తీస్తుంది.

అత్తయ్యగారి కోసం ఇంకో రెండు అడగండి. గది కింది అంతస్తులోనే ఉందా? వరండా ఎక్కడానికి ఎన్ని మెట్లు? చాలా బంగళాల్లో స్నానాల గదిలో పాతకాలపు ఇనుప తొట్టె ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అందులో దిగలేరు. విడిగా షవర్, పట్టుకోడానికి కడ్డీ ఉన్న గదే తీసుకోండి.

భోజనం గురించి టెన్షన్ పడకండి. ఈ బంగళాల్లో వంట ఇంగ్లీషు దొరల కాలం నుంచి ఒక పద్ధతిలో నడుస్తోంది. సూపు, కట్లెట్, రోస్టు, చివర్లో కారమెల్ కస్టర్డ్. వండేవాళ్లు మాత్రం తమిళులో, మలయాళీలో అయివుంటారు. ముందురోజు చెప్తే అన్నం, రసం, అప్పడం చక్కగా పెడతారు. మావయ్యగారికి కందిపొడి, ఆవకాయ సీసా మీరు ఎలాగూ పట్టుకెళ్తారు. ఇబ్బందల్లా టీ దగ్గరే వస్తుంది. బంగళాలో వాళ్లు గొప్పగా ఇచ్చేది పొడవాటి ఆకు టీ, పాలు లేకుండా, మరిగించకుండా. మన రాజాం సెంటర్లో మరిగే డస్ట్ టీకి అలవాటుపడ్డ నోటికి అది వేణ్ణీళ్లలా ఉంటుంది. ఒకసారి రుచి చూడనివ్వండి, తర్వాత ఆయనకి ఫ్యాక్టరీ డస్ట్‌తో పాలు పోసి మరిగించి ఇమ్మనండి. నీలగిరి ఫ్యాక్టరీల్లో అదీ తయారవుతుంది, వాళ్లేమీ అనుకోరు.

ప్రయాణానికి మన విజయనగరం స్టేషన్లో ఆగే ధన్‌బాద్–అలెప్పీ ఎక్స్‌ప్రెస్ ఉంది కదా, మనం బొకారో అనే బండి, అది నేరుగా కోయంబత్తూరు చేరుస్తుంది. అక్కణ్ణుంచి మేట్టుపాళయం, అక్కడ పొద్దున్నే కొండరైలు. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన లైను అది, 2005లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కల్లారు దాటాక పట్టాల మధ్యలో రంపంలా పళ్లున్న కడ్డీ మొదలవుతుంది, ఇంజను వెనకనుంచి తోస్తూ పెట్టెల్ని కొండెక్కిస్తుంది. లెక్కల మాస్టారు కదా, పన్నెండడుగులకి ఒక అడుగు చొప్పున ఎక్కే వాలు అని చెప్పండి, ఆయనే తల బయటపెట్టి చూస్తారు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ పొద్దున్నే చేయించుకోకపోతే దొరకదు. అక్టోబరు, నవంబరుల్లో మనకి తుపాన్లు వచ్చే రోజుల్లోనే అక్కడ కొండచరియలు విరిగి లైను మూసేస్తుంటారు. మీరనుకున్న జనవరి మంచి నెల. కారులో వెళ్తే ఈ-పాస్ ముందే తీసుకోండి. 2024 మే నుంచి హైకోర్టు ఆదేశం మీద నీలగిరుల్లోకి వచ్చే బండ్లకి అది తప్పనిసరి చేశారు.

ఫ్యాక్టరీ తప్పకుండా చూడండి, కానీ సోమవారం వద్దు. ఆదివారం కోత ఉండదు కాబట్టి సోమవారం యంత్రాల్లో ఆకు ఉండదు. కోసిన ఆకుని రాత్రంతా పొడవాటి తొట్లలో పరిచి, కిందనుంచి ఫ్యాన్ గాలి కొట్టి వాడుస్తారు. పొద్దున్న ఆ ఆకుని గుప్పెట్లో పట్టి నొక్కితే విరక్కుండా మెత్తగా ఉండలా నిలవాలి, అప్పుడే ఆకుని నలిపే మిషన్‌కి పంపుతారు. నాలుగు కిలోలకి పైగా పచ్చాకు పోస్తే గానీ కిలో టీ పొడి రాదు.

ఇక తోట పనివాళ్లు. ఆ చోటంటే నాకు ప్రాణం, అందుకే ఈ మాట చెప్పకుండా ఉండలేను. పొద్దున్నే పొదలు మంచుతో తడిసి ఉంటాయి. ఆడవాళ్లు నడుముకి దళసరి ప్లాస్టిక్ పట్టా చుట్టుకుని వరసల్లోకి దిగుతారు. రెండాకులు, ఒక మొగ్గ అని ప్రకటనల్లో చూపిస్తారు గానీ, ఇప్పుడు చాలా తోటల్లో చేతికి పెద్ద కత్తెర, దానికి బిగించిన తట్ట ఉంటాయి. మా ఇంటికి పాలు తెచ్చే ఆవిడ కోతపనికి కూడా వెళ్లేది. బొటనవేలు, చూపుడువేలు ఆకు పసరుతో నల్లబడి, గోళ్ల పక్కన చర్మం పగిలి ఉండేది. ఆ నలుపు సున్నిపిండికీ పోదు, సబ్బుకీ పోదు. వాళ్లకి రోజుకి ఇంత ఆకు అని లెక్క ఉంటుంది, దానికి మించిన ప్రతి కిలోకీ పైసలు విడిగా. మీరు ఫొటో కోసం పది నిమిషాలు నిలబెడితే ఆ పైసలు పోయేది వాళ్లకే. తూకం దగ్గరకో, టీ విరామానికో వెళ్లండి, అడిగి తీసుకోండి. అప్పుడు వాళ్లే నవ్వుతూ మాట్లాడతారు.

వాళ్ల కథ కూడా తెలుసుకుని వెళ్తే బాగుంటుంది. 1869లో సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో, మొదలైన ఆకు తెగులు అక్కడి కాఫీ తోటల్ని ఊడ్చేసింది, తర్వాత దొరలు టీ వైపు తిరిగారు. ఆ తోటలకి తమిళ పల్లెల నుంచి కంగాణీలు, అంటే కూలీల మేస్త్రీలు, ఊళ్లకి ఊళ్లనే తోలుకెళ్లారు. సిలోన్‌కి స్వాతంత్ర్యం వచ్చాక వాళ్ల మనవలు ఏ దేశానికీ చెందని వాళ్లయ్యారు. 1964లో మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు, సిలోన్ ప్రధాని సిరిమావో బండారునాయకే ఒప్పందం చేసుకున్న తర్వాత లక్షలమంది ఇటు వచ్చారు. వాళ్లకి పని చూపించడానికే తమిళనాడు ప్రభుత్వం నీలగిరుల్లో టాన్‌టీ అనే సర్కారు టీ తోటలు మొదలుపెట్టింది. మీరు తోటలో కలిసే పెద్దావిడ సిలోన్‌లో పుట్టి ఉండొచ్చు.

బంగళాలో స్నానాల గదికి బయటివైపు ఒక చిన్న తలుపు ఉంటే మీ పిల్లలకి చూపించండి. పాయిఖానా ఎత్తే మనిషి ఇంట్లోకి అడుగుపెట్టకుండా వచ్చిపోవడానికి పెట్టిన తలుపు అది. ముందు వరండాలో గులాబీలు ఎంత అందంగా ఉంటాయో, వెనక ఆ తలుపు అంత నిజం. రెండూ ఆ ఇంట్లోవే.

వచ్చేటప్పుడు ఇచ్చే డబ్బు వడ్డించినవాళ్ల చేతిలో పెట్టకండి. అందరికీ కలిపి ఒక డబ్బా ఉంటుంది, అందులో వెయ్యండి. వంటాయనకీ, తోటమాలికీ, రాత్రి కాపలా మనిషికీ భాగం అందేది అలాగే.

ప్రశ్న: ఇలాంటి బంగళాల్లో దెయ్యాలుంటాయని మా ఆవిడ రానంటోంది. ఏం చెప్పమంటారు?
– బొబ్బిలి పాఠకుడు

జవాబు: రాత్రి చప్పుళ్లు మాత్రం ఉంటాయి బాబూ, ఆ సంగతి ముందే చెప్పండి. పగలు ఎండకి సాగిన రేకులు, దూలాలు రాత్రి చలికి ముడుచుకుంటూ టకటకమంటాయి. అటకమీద పునుగుపిల్లులు పరుగులు పెడతాయి, అచ్చం మనిషి నడిచినట్టే ఉంటుంది. నిజంగా భయపడాల్సింది అడవిదున్నకి. నీలగిరి తోటల్లో చీకటి పడ్డాక అవి పచ్చిక మేయడానికి బంగళా ముందుకే వస్తాయి. రాత్రి భోజనమయ్యాక నడకకి బయటికి పోవద్దు. ఈ మాట ఆవిడకే కాదు, మీకూ చెబుతున్నాను.

ప్రశ్న: నేను జీడిపప్పు కార్ఖానాలో పనిచేస్తాను. అంత డబ్బు పెట్టలేను. ఆ ఇళ్లు లోపలినుంచి చూడాలని మాత్రం ఉంది. దారి ఉందా?
– పలాస పాఠకుడు

జవాబు: ఉంది. కొన్ని బంగళాల్లో బస చెయ్యకపోయినా, ముందుగా చెప్తే మధ్యాహ్న భోజనమో, సాయంత్రం టీయో ఇస్తారు. ఒక పూట ఆ వరండాలో కూర్చుని రావచ్చు. రాత్రికి ఊళ్లో మామూలు లాడ్జి చాలు. మున్నారులో టీ మ్యూజియం ఉంది, పాత యంత్రాలు, పాత ఫొటోలు, దొరల ఇళ్ల సామాన్లు టిక్కెట్టు కొని చూడొచ్చు. మీరు జీడిపిక్క కాల్చడం, పప్పు తీయడం, సైజులవారీగా వేరుచేయడం రోజూ చూస్తున్నవారు. టీ ఫ్యాక్టరీలో జల్లెడ గది దగ్గర మీరు మిగతావాళ్లకంటే ఎక్కువసేపు నిలబడతారని నా నమ్మకం. ఆకు టీ, బ్రోకెన్, డస్ట్ అన్నీ ఒకే ఆకులోంచి వచ్చి జల్లెడ మీద విడిపోతాయి, ధర మారేది కూడా అక్కడే.

ప్రశ్న: అమ్మా, మేం సవరలం. మా తాతగారి అన్న చిన్నతనంలోనే అస్సాం టీ తోటకి వెళ్లి తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకుంటారు. ఉద్యోగం పనిమీద నేను జోర్హాట్ వెళ్తున్నాను. అక్కడ తోటల్లో పాత బంగళాలు బసకి ఇస్తున్నారు. ఒక రాత్రి ఉండాలని ఉంది. మావాళ్లు కూలీలుగా పోయిన చోట దొర మంచం మీద పడుకోవడం తప్పంటారా? ఆయన ఆచూకీ దొరుకుతుందా?
– మెళియాపుట్టి మండలం నుంచి ఒక యువకుడు

జవాబు: తప్పు కాదు నాయనా. ఆ మంచం మీద పడుకునే హక్కు మీకున్నంతగా ఇంకెవరికీ లేదు. వెళ్లండి, డబ్బు కట్టి, ముందు తలుపులోంచే లోపలికి నడవండి.

అస్సాం బంగళాలు కొండ బంగళాల్లా ఉండవు. తోటలు ఎక్కువగా బ్రహ్మపుత్ర మైదానంలోనివి. వరద, తేమ, జంతువుల భయం వల్ల ఇంటిని స్తంభాల మీద ఎత్తుగా కట్టారు, చాంగ్ బంగళా అంటారు. కింద ఖాళీ, పైన చుట్టూ వరండా. పనివాళ్లు ఉండేచోటు ‘లైన్లు’. బంగళా నుంచి లైన్లదాకా నడిచి చూడండి, ఆ దూరం మీకు చాలా చెబుతుంది.

మీ పెద్దవాళ్లు ఎలా వెళ్లారో కూడా చెబుతాను. ఛోటానాగపూర్‌తో పాటు మన గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా కూలీలని కుదిర్చే సర్దార్లు, ఆర్కాటీలు జనాన్ని తోటలకి తీసుకెళ్లారు. కరువు రోజుల్లో చేతిలో నాలుగు రూపాయలు పెట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించేవారు. గడువు లోపల పని వదిలిన కూలీని శిక్షించడానికి 1859 చట్టం ఉండేది, పారిపోయినవాళ్లని వారెంటు లేకుండా పట్టుకునే అధికారం కూడా తోటల వాళ్లకి ఆ తర్వాత ఇచ్చారు. తిరిగి రాకపోవడం చాలామంది విషయంలో వాళ్ల ఇష్టంతో జరిగింది కాదు. 1921లో చర్‌గోలా లోయ తోటల నుంచి వేలమంది ఊళ్లకి పోదామని నడిచి బయలుదేరితే చాంద్‌పూర్ స్టేషన్లో గూర్ఖా సిపాయిలు వాళ్లని చావబాదారు. మీ ఇంట్లో ఎవరైనా ‘మనల్ని మరిచిపోయాడు’ అని ఆయన్ని నిందించి ఉంటే, ఈ సంగతి వాళ్లకి చెప్పండి.

అక్కడి తోటల్లో సవర కుటుంబాలు, తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇంట్లో భాష కొందరికి మిగిలింది, కొందరికి పోయింది. తోటల్లో అందరూ కలిసి మాట్లాడుకునేది ఎక్కువగా సాద్రి. ఆచూకీ దొరుకుతుందని మాట ఇవ్వలేను గానీ, వెతకడానికి పద్ధతి ఉంది. వెళ్లేముందు ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు, ఏ కరువు ఏడాది, ఎవరితో వెళ్లారు అన్నవి రాసుకోండి. సవర మాటలు వాళ్ల గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసి పట్టుకెళ్లండి. లైన్లలో ముసలివాళ్లకి వినిపిస్తే మీరు ఎవరో వేరే చెప్పుకోనక్కర్లేదు.

తోట ఆఫీసులో శ్రీకాకుళం జిల్లా అని అడిగితే ఎవరికీ తెలియదు. మన జిల్లా ఏర్పడిందే 1950లో. 1936కి ముందు మీ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా కిందికి వచ్చేది కాబట్టి రిజిస్టర్లో గంజాం అనో, ఉత్తి మద్రాసీ అనో ఉంటుంది. పర్లాకిమిడి పేరు కూడా చెప్పండి, మీ ఊరికంటే ఆ పేరే అక్కడ ఎక్కువమందికి తెలుస్తుంది. పేరుని గుమస్తాలు ఎవరి చెవికి వినపడ్డట్టు వాళ్లు రాశారు, కాబట్టి ఒకే అక్షరక్రమం పట్టుకుని కూర్చోవద్దు. తోట ఆఫీసు తర్వాత తోట ఆసుపత్రి, కార్మిక సంఘం ఆఫీసు, అక్కడి గుడి లేదా చర్చి పెద్దలు, ఈ వరసలో అడగండి. ఒక్క రాత్రి చాలదు, కుదిరితే మూడు రోజులు పెట్టుకోండి. జీతాలిచ్చే రోజు ఏదో ముందే కనుక్కుని ఆ రోజు అక్కడ ఉండేలా చూసుకోండి, లైన్లలో అందరూ ఒకచోట కలిసేది ఆ రోజే.